షంటింగ్ ఇంజను మీది అంకె

యార్డులో వ్యాగన్లను అటూ ఇటూ మార్చే ఇంజను మీద 'డబ్ల్యు.డి.ఎస్.-6' అని కనిపిస్తుంది. అక్షరాల వరకు మన రైల్వేల పద్ధతి మెచ్చదగినదే. డబ్ల్యు బ్రాడ్‌గేజికి, డి డీజిల్‌కు, ఎస్ షంటింగ్‌కు గుర్తులు. చిక్కంతా అంకెతోనే. 2002 ప్రాంతంలో కొత్త మెయిన్‌లైను డీజిళ్లకు అంకెతో అశ్వశక్తిని సూచించే పద్ధతి వచ్చింది. డబ్ల్యు.డి.జి.-4 అంటే 4,000 అశ్వశక్తి గల గూడ్సు ఇంజను. షంటింగ్ ఇంజన్లను మాత్రం ఆ పద్ధతిలోకి తేలేదు. వాటి అంకె వట్టి వరుస సంఖ్య. కొత్త పద్ధతి తెలిసినవారు 'ఆరు'ను 6,000గా చదివితే తప్పు వారిది కాదు. అసలు శక్తి సుమారు 1,400.

పోనీ, ఇక్కడా అశ్వశక్తినే రాస్తే సరిపోతుందా? సరిపోదు. నిలిచి ఉన్న వ్యాగన్ల బారును కదిలించడానికి లాగే బలం కావాలి. నెమ్మది వేగంలో ఆ బలానికి హద్దు పెట్టేవి చక్రాలపై పడే బరువు, పట్టాలతో రాపిడి. ఎక్కువ అశ్వశక్తి వల్ల లాభం వేగం పెరిగాకే తెలుస్తుంది. కాబట్టి షంటింగ్ ఇంజను మీది అంకె లాగే బలాన్ని టన్నుల్లో చెప్పడం సబబు. పేరు చూసి ఎన్ని వ్యాగన్లు తగిలించవచ్చో యార్డు సిబ్బంది అంచనా కట్టగలిగితే ఆ పేరు పనికొచ్చినట్టు.