పుస్తకం అచ్చయ్యాక

చల్లపల్లి నుంచి మన్యం దాకా మన రచయితల సాయంత్రాలు ఫేస్‌బుక్‌కే పోతున్నాయి. రోజూ అదే అట్ట బొమ్మ, అదే శాలువా ఫొటో. పుస్తకంలో ఏముందో మాత్రం చూసేవాళ్లకు తెలియదు. రమేశ్ కార్తీక్ నాయక్ కథల సంపుటి ‘ఢావ్లో’కు 2024లో సాహిత్య అకాదెమీ యువ పురస్కారం వచ్చింది. ఆ గోర్‌బోలి పేరే పాఠకుణ్ణి ఆపి, అర్థం అడిగిస్తుంది. ప్రచారానికి అలాంటి సొంత మాట కావాలి.

ఆదివారం ఒక గంట కూర్చుని నాలుగు పేరాలు చదివి రికార్డు చేసుకుంటే, వారానికొకటి చొప్పున నెలకు సరిపోతాయి. సొంత లిపి లేని ఎరుకల భాష గొంతులోనే బాగా పలుకుతుంది. టీచర్లు వాటినే తరగతిలో వినిపించవచ్చు. మిగిలిన సాయంత్రాలు అవ్వల దగ్గర కూర్చుందాం. పోస్టు రేపైనా పెట్టొచ్చు. వాళ్ల కథలు రేపటికి దొరకకపోవచ్చు.