గొంతు ఎవరిది?

మానసిక వైద్యుల ఓపీలో ప్రశ్నలు దాదాపు ఒకే వరసలో నడుస్తాయి. నిద్ర పడుతోందా, అన్నం తింటోందా, మందులు వేసుకుంటోందా, చెవిలో మాటలు తగ్గాయా? జవాబు చెప్పేది చాలాసార్లు పక్కన కూర్చున్న తల్లో, అన్నో, భర్తో. ‘అప్పుడప్పుడూ తనలో తనే గొణుక్కుంటోంది సార్’ అంటారు. డోసు కాస్త పెరుగుతుంది, నెలకు సరిపడా మందుల చీటీ చేతికొస్తుంది, తర్వాతి టోకెన్ పిలుస్తారు. ఆ మాటలు ఎవరి గొంతులో వినపడుతున్నాయి, ఏమంటున్నాయి, మొదటిసారి ఏ వయసులో వినపడ్డాయి, ఆ రోజుల్లో ఇంట్లో ఏం జరుగుతోంది? ఇవి అడిగే తీరిక అక్కడ అరుదు.

నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్‌లో మరియస్ రోమ్ అనే సైకియాట్రిస్టు కూడా ఒకప్పుడు ఇవి అడిగేవాడు కాదు. మాటలు వినపడటం జబ్బు లక్షణం, ఆ మాటల్లో ఏముందో తవ్వి లాభం లేదన్నది ఆయన చదివిన చదువు. ఆయన దగ్గర వైద్యం చేయించుకుంటున్న ప్యాట్సీ హేగ్ ఊరుకోలేదు. కంటికి కనపడని, చెవికి వినపడని దేవుణ్ణి మీరు నమ్ముతారు కదా, నాకు నిజంగా వినపడే మాటల్ని ఎందుకు నమ్మరని నిలదీసింది. 1987లో ఇద్దరూ కలిసి డచ్ టీవీలో కూర్చుని, ఇలా మాటలు వినపడేవాళ్లుంటే తమకు చెప్పమని కోరారు. 700 మంది స్పందించారు. వారిలో 450 మందికి మాటలు వినపడతాయి. అందులో 150 మంది మాత్రం వాటితోనే నెట్టుకొస్తున్నామన్నారు. డాక్టరుగారికి అసలు పాఠం వాళ్ల దగ్గరే దొరికింది.

ఆ తర్వాత రోమ్, పాత్రికేయురాలు సాండ్రా ఎషర్ కలిసి ఒక ప్రశ్నావళి తయారుచేశారు. వినపడేది ఆడగొంతా మగగొంతా, దానికి పేరుందా, వయసెంత ఉండొచ్చు, ఎప్పుడు రెచ్చిపోతుంది, మొదటిసారి వచ్చిన నాటికి జీవితంలో ఏం జరిగింది... ఇలా సాగుతుంది. తీరిగ్గా కూర్చుని అడిగితే చాలామంది కథ ఒక దెబ్బ దగ్గరికో, అవమానం దగ్గరికో, చీకటి గదిలో జరిగిన అఘాయిత్యం దగ్గరికో వెళ్లి ఆగింది.

ఇది ఒకరిద్దరి అనుభవం కాదు. 36 అధ్యయనాలను ఒకచోట చేర్చి 2012లో వెలువడిన విశ్లేషణ ప్రకారం, చిన్నతనంలో లైంగిక హింస, కొట్టడం, ఆలనాపాలనా లేకపోవడం, తోటిపిల్లల వేధింపు వంటివి అనుభవించినవారిలో సైకోసిస్ (లేని మాటలు వినపడటం, లేనిది నిజమని నమ్మడం వంటి స్థితి) వచ్చే అవకాశం సుమారు 2.8 రెట్లు ఎక్కువ. అలాగని దెబ్బలు తిన్న పిల్లలందరికీ జబ్బు రాదు. జబ్బు వచ్చినవారందరి బాల్యమూ గాయపడినది కాదు. వంశపారంపర్యమూ ఉంది, గంజాయి వంటి కారణాలూ ఉన్నాయి.

ఇక్కడే మరో గొయ్యి ఉంది. 1948లో ఫ్రీడా ఫ్రామ్-రైక్‌మాన్ స్కిజోఫ్రీనియాను తల్లుల పెంపకంతో ముడిపెట్టిన తర్వాత, కొన్ని దశాబ్దాల పాటు అమెరికాలో తల్లులు బోనులో నిలబడ్డారు. బిడ్డ జబ్బుతో సతమతమవుతున్న తల్లికి ఆ నింద అదనపు శిక్ష. ఏం జరిగిందని అడగడం వేరు, ఎవరు చేశారో ముందే తేల్చేయడం వేరు. మొదటిది వైద్యం, రెండోది పంచాయితీ.

పాత గాయాన్ని కెలికితే జబ్బు ముదురుతుందన్న భయం వైద్యుల్లోనూ ఉండేది. 2015లో డచ్ పరిశోధకులు దీన్ని నేరుగా పరీక్షించారు. సైకోసిస్‌తో పాటు పీటీఎస్‌డీ (పాత గాయం జ్ఞాపకాలు వెంటాడే మానసిక సమస్య) కూడా ఉన్న 155 మందిని మూడు బృందాలు చేసి, రెండింటికి గంటన్నర చొప్పున ఎనిమిది సార్లు గాయాన్ని సూటిగా ఎదుర్కొనే చికిత్స ఇచ్చారు. ఎదురుచూసే జాబితాలో ఉంచిన మూడో బృందం కంటే వారిలో పీటీఎస్‌డీ బాగా తగ్గింది. భయపడినట్టు సైకోసిస్ ముదరలేదు. మందులు మానేయమని దీని అర్థం కాదు. మందు మాటల జోరు తగ్గిస్తుంది, జరిగిందాన్ని వినే మనిషి మాత్రం విడిగా కావాలి.

మన దగ్గర ఆ మనిషి మరీ కరువు. కేంద్ర మహిళా, శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లల్ని అడిగి 2007లో విడుదల చేసిన నివేదికలో సగానికి పైగా పిల్లలు ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదుర్కొన్నామన్నారు. వేధింపు ఎక్కువగా నమోదైన రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఉంది. చేసినవారిలో సగం మంది తెలిసినవాళ్లే, నమ్మి బిడ్డను వదిలినవాళ్లే. చాలామంది పిల్లలు ఎవరికీ చెప్పలేదు. అలా పెరిగిన పిల్లకు ఇరవయ్యో ఏట చెవిలో మాటలు మొదలైతే ముందు గాలి సోకిందంటారు, తాయెత్తు కడతారు. చివరికి ఆసుపత్రికి తీసుకొచ్చి పక్క కుర్చీలో కూర్చునేది ఒక్కోసారి అప్పట్లో వేధించిన బాబాయో, బావో కావచ్చు. అతని ముందు ఆమె ఏం చెప్పగలదు?

అందుకే వైద్యులకు ఒక విన్నపం. కేస్ షీట్ రాసేటప్పుడు తోడొచ్చినవాళ్లను కాసేపు బయట కూర్చోమనండి. చెప్పమని బలవంతపెట్టకండి, ఒకసారి అడిగి వదిలేయండి. చెబితే ఆ మాట గోప్యంగా ఉంచాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే చెబుతోంది. ఆసుపత్రి దాకా రాలేనివారికి టెలిమానస్ అనే ప్రభుత్వ ఫోన్ సేవ ఉంది. నంబరు 14416, పగలూ రాత్రీ ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.