పచ్చ ఒక రంగా, రెండా?

కంటికి కనిపించే రంగులకు లెక్క లేదు. వాటికి భాషలో ఉన్న పేర్లు మాత్రము కొద్ది. ఈ పేర్లను ఒక్కొక్క జాతి తన ఇష్టము వచ్చినట్లు కల్పించుకున్నదా, లేక వాటి వెనుక మానవులందరికీ సమానమైన క్రమమేదైనా ఉన్నదా? ఈ ప్రశ్నకు సమాధానముగా బ్రెంట్ బెర్లిన్, పాల్ కే అనే అమెరికా మానవశాస్త్రజ్ఞులు మౌలిక వర్ణపదములపై 1969లో వెలువరించిన ఆంగ్ల గ్రంథము నేటికీ చర్చకు మూలముగా ఉన్నది.

గ్రంథకర్తలు 98 భాషలను పరిశీలించినారు. వాటిలో 20 భాషలవారికి 329 రంగుల బిళ్ళలు చూపి, ఏ పేరు ఎంతవరకు వర్తిస్తుందో, దానికి మేలైన ఉదాహరణ ఏదో గుర్తింపజేసినారు. పేర్ల ఎల్లలు భాషకొక తీరుగా మారినా, మేలైన ఎరుపు, మేలైన పసుపు ఇంచుమించు అవే బిళ్ళలవద్ద నిలిచినవి. ఏ భాషలోనైనా నలుపు, తెలుపుల తరువాత ఎరుపు, ఆపైన ఆకుపచ్చ, పసుపులు, ఆ వెనుక నీలము చేరుతాయని వారి సిద్ధాంతము. రంగుల విభజన యాదృచ్ఛికము కాదని చూపడమే ఈ గ్రంథమునకు గల గొప్పతనము.

అయితే లోపములు చిన్నవి కావు. ఆ 20 భాషలవారిలో అధికులు శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతములో నివసిస్తూ ఆంగ్లము నేర్చినవారు. ఆంగ్లపు వర్ణవిభజన వారి సమాధానములలో చొరబడలేదని చెప్పలేము. మౌలికపదమునకు పెట్టిన నిబంధనలూ చిక్కు తెస్తాయి. భాగములనుబట్టి అర్థము తేలిపోయే సమాసము పనికిరాదు. వస్తువు పేరైన మాట అనుమానాస్పదము. ఈ కొలతతో తెలుగును చూడండి. ‘ఆకుపచ్చ’ సమాసము. ‘పసుపు’ వంటింటి వస్తువు. మిగిలినది ‘పచ్చ’. పైరూ పచ్చనే, బంగారమూ పచ్చనే, కామెర్లూ పచ్చవే. పసుపును, ఆకుపచ్చను కలిపి చెప్పే ఇట్టి పదమునకు 1969 నాటి క్రమములో చోటు లేదు. 1976లో ఆరంభించిన 110 భాషల పరిశీలన తరువాత గ్రంథకర్తలే తమ సిద్ధాంతమును సవరించుకున్నారు.

అన్నిటికంటె ఆక్షేపణీయమైనది, భాషలను ఏడు మెట్లపై నిలిపి దానిని పరిణామమనడము. 1858లో గ్లాడ్‌స్టన్ హోమరు కావ్యములలో రంగుల పేర్లు కొద్దిగా ఉండడము చూచి, ప్రాచీన గ్రీకుల వర్ణదృష్టియే పూర్తిగా వికసించలేదని తలచినాడు. ఈ గ్రంథకర్తలు ఆ పొరపాటు చేయలేదు. కాని మెట్ల వరుస చూచిన పాఠకుడు చేసే ప్రమాదమున్నది. నేత్రపటలములోని మూడు రకముల శంకుకణములు పంపే సంకేతముల నిష్పత్తినిబట్టి మెదడు రంగును గుర్తిస్తుంది. ఆ ఏర్పాటు ఏ భాషవారికైనా ఒక్కటే. రెంటికీ ‘పచ్చ’ అనే మాటనే వాడే రైతు కూడ పండుటాకును, లేతాకును క్షణములో వేరు చేయగలడు. పేర్లు తక్కువైనంతమాత్రాన చూపు తక్కువ కాదు. ఈ హెచ్చరికతో చదివినవారికి ఈ గ్రంథము ఎంతో ఉపకరిస్తుంది.