హోషేయ గ్రంథములో భర్త స్థానము ఎవరిది?

హోషేయ గ్రంథములో 14 అధ్యాయములున్నవి. ఆ 14 అధ్యాయములలో గోమెరు పేరు ఒక్కసారి మాత్రమే కనబడుచున్నది. ఆమె దిబ్లయీము కుమార్తె. ముగ్గురు బిడ్డల తల్లి. ఆమె ఎవరి వెంట పోయెనో, ఏల పోయెనో ప్రవక్త వ్రాయలేదు. అయినను మన సంఘములలో ఈ గ్రంథముమీద ప్రసంగము వినినవారికి ఆమె సందెవేళ గుమ్మములో నిలిచిన సంగతియు, పసిబిడ్డ ఏడ్చుచుండగా విడిచిపోయిన సంగతియు బాగుగా తెలియును! ఇదంతయు ప్రసంగికులు కల్పించి చేర్చినది. ప్రవక్త విడిచిన ఖాళీని మనము నింపుచున్నాము. నింపునప్పుడు దోషమంతయు స్త్రీమీదనే పడవేయుచున్నాము. ఆరాధన ముగిసిన తరువాత స్త్రీలు తలలు వంచుకొని పోవుదురు, పురుషులు తేలికైన మనస్సుతో ఇంటికి పోవుదురు.

అయితే గ్రంథము ఎవరిని నిందించుచున్నదో చూడుడి. హోషేయ ఉత్తర రాజ్యమైన ఇశ్రాయేలులో, రెండవ యరొబాము దినములలో ప్రవచింప మొదలుపెట్టెను. అది క్రీస్తుకు పూర్వము ఎనిమిదవ శతాబ్దము, క్రీ.పూ. 722 ప్రాంతమున షోమ్రోను పట్టబడి ఆ రాజ్యము అంతరించెను. దేశములో ధాన్యమును ద్రాక్షారసమును నూనెయు సమృద్ధిగా నుండెను. వాటిని బయలు దేవత ఇచ్చెనని జనులు తలంచిరి. ప్రవక్త వ్యభిచారమని పిలిచినది ఈ ద్రోహమునే. కాబట్టి ఈ ఉపమానములో భార్య స్థానమందు నిలిచినవారు ఎవరు? యాజకుడు, రాజు, దొంగత్రాసు చేతపట్టిన వర్తకుడు. భర్త స్థానము దేవునిది. సహోదరుడా, నీవు ఈ గ్రంథము విప్పినప్పుడు తిన్నగా పోయి ఆ పీటమీద కూర్చుండుచున్నావు. నిన్ను అక్కడ కూర్చుండుమని ఎవరు చెప్పిరి?

నాలుగవ అధ్యాయములో ఒక వచనమున్నది. ప్రసంగములలో దాని నెత్తుకొనువారు అరుదు. కుమార్తెలును కోడండ్రును తప్పిపోయినప్పటికిని నేను వారిని శిక్షింపనని దేవుడు అక్కడ చెప్పుచున్నాడు. కారణము కూడ అక్కడనే చెప్పబడెను: వారి తండ్రులును మామలును తామే వేశ్యలతో పోవుచున్నారు. పురుషుని తప్పును వయస్సు తప్పని నవ్వి, స్త్రీ తప్పును పంచాయితీకి ఈడ్చుట ఆ కాలమందును ఉండినది కాబోలు. ప్రవక్త దానిని ఒక్క దెబ్బతో కొట్టివేసెను. పాత నిబంధనలో ఇంత సూటిగా పురుషుల ముఖముమీద చెప్పిన మాట నాకు వేరొకటి కనబడలేదు, నాతాను దావీదుతో చెప్పినది తప్ప.

రెండవ అధ్యాయము చదువుట కష్టము. భార్యను వస్త్రహీనురాలిగా నిలువబెట్టెదనను బెదిరింపు అందులో ఉన్నది. దానిని మెత్తబరచి చెప్పుట నిజాయితీ కాదు. అయితే అక్కడ దెబ్బ తగులునది ద్రాక్షచెట్లకును అంజూరపుచెట్లకును. తీసివేయబడునది ధాన్యమును గొఱ్ఱెబొచ్చును. అది దేశముమీదికి వచ్చిన కరవు. భార్యమీద చెయ్యి ఎత్తి, ఈ అధ్యాయమును సాక్ష్యముగా చూపువాడు దానిని సగముదాక మాత్రమే చదివినాడు. సగము దాటగానే స్వరము మారుచున్నది. అరణ్యములోనికి తీసికొనిపోయి, ఆమె హృదయముతో మాటలాడుదునని ఆ భర్త చెప్పుచున్నాడు.

ఆ తరువాత వచ్చు మాట మిక్కిలి అందమైనది. హెబ్రీ భాషలో ఇల్లాలు పెనిమిటిని రెండు మాటలతో చెప్పవచ్చును. ఒకటి బయలు, యజమానుడు, సొంతదారుడు అని దాని భావము. (తెలుగు బైబిలులో ఆ పేరు చూచి, ఇది పొలమునుగూర్చిన మాట యనుకొనువారును కలరు!) రెండవది ఈష్, అనగా పురుషుడు. ఆదికాండములో ఆదాము తన ప్రక్కటెముకనుండి వచ్చినదానిని చూచి ఈష్షా అని పిలిచినప్పుడు, దానికి జోడుగా చెప్పిన మాట ఇదే. ఇకమీదట నన్ను మొదటి మాటతో పిలువవద్దు, రెండవ మాటతో పిలువుమని దేవుడే కోరుచున్నాడు. సర్వాధికారము గలవాడు ఆ పిలుపును వద్దనుచుండగా, రెండెకరముల మెట్టచేను గలవాడు ఇంటిలో దానికొరకు గుద్దులాడుట తగునా?

మూడవ అధ్యాయములో అయిదే వచనములున్నవి. ఇక్కడ స్త్రీ పేరు లేదు. ఆమె గోమెరే యని నేను నమ్ముచున్నాను, కాదనువారును కలరు. ప్రవక్త ఆమెను 15 తులముల వెండియు కొన్ని యవలును ఇచ్చి కొనెను. ధర్మశాస్త్రములో దాసునికి వెల 30 తులములు. యవల వెలను కలిపినచో అంతయగునని కొందరు పండితులు లెక్క వేసిరి. చేతిలో వెండి చాలక గాదెలోని గింజలు ఊడ్చి తెచ్చిన మనుష్యుడు నాకు ఆ వచనములో కనబడుచున్నాడు. కొన్నవాడు అడుగవలసినది అడిగెను: అనేక దినములు నాకొరకు నిలిచియుండుము, వేరొకని యొద్దకు పోవద్దు. అడిగి ఊరకుండలేదు. నేనును నీయెడల అట్లే ఉందునని మాట ఇచ్చెను. హెబ్రీలో అది మూడే మాటలు. వెల చెల్లించి తెచ్చుకొన్నవాడు, తప్పు చేయనివాడు, తానును కట్టుబడుచున్నాడు. భర్తలు క్రీస్తువలె ప్రేమింపవలెనని పౌలు ఎఫెసీయులకు వ్రాయుటకు ఎన్నో శతాబ్దములకు ముందే ఆ మూడు మాటలు పలుకబడెను.

ఆ స్త్రీ ఏమని బదులు చెప్పెనో వ్రాయబడలేదు. ప్రవక్త దానిని ఆమెకే విడిచిపెట్టి, నాలుగవ అధ్యాయములో దేశనివాసులతో దేవుని వ్యాజ్యెము మొదలుపెట్టుచున్నాడు.