గబ్బిలాన్నే ఎందుకు పంపిండు?

మాది త్రిపురారం. సాగర్ ఎడమ కాల్వ కింది పొలాల్లో అమ్మ నాట్లేస్తే నేను చదువుకున్న. పద్యం చదవడం ఊరు దాటి పోయిన ఒక బడిలో నేర్పిండ్రు. గురువు, లఘువు, భ ర న భ భ ర వ, పదో అక్షరం యతి, ఉత్పలమాల. తర్వాత ప్రతిపదార్థం, తాత్పర్యం, అలంకారం. జాషువా ‘గబ్బిలం’ పద్యానికీ అంతే. మార్కులొచ్చినయి గాని పద్యం అర్థం గాలే.

సెలవులకొచ్చి దాన్నే పైకి చదువుతుంటే అమ్మ అడిగింది: “ఇన్ని పిట్టలుండంగ గబ్బిలాన్నే ఎందుకు పంపిండు బిడ్డా? ఇంట్ల జొస్తే అరిష్టమంటరు గదా.” సారు అడగని ప్రశ్న. నేను నోరు తెరవకముందే తనే అన్నది: “గుళ్లెకు పోతే మాత్రం దాన్ని ఎవలు ఆపుతరు!”

ఆ మాట పట్టుకొని మళ్లీ మొదటినుంచి చదివిన. 1941లో వచ్చిన కావ్యమది. కాళిదాసు మేఘసందేశంలో యక్షుడు భార్యకు మేఘంతో కబురు పంపుతడు. జాషువా ఆ దారే పట్టి మనిషిని మార్చిండు. ఇక్కడ మాట్లాడేది ఆకలిగొన్న అంటరానివాడు. కబురు కాశీలో ఉన్న శివుడికి. ఇది విరహం కాదు, ఫిర్యాదు. మేఘం గుడి బయటనే ఆగుతది, గబ్బిలం గర్భగుడిలో వేలాడుతది. దూతను చూస్తేనే పంపినవానికి ఏ గడప మూసిండ్రో తెలుస్తది. ఎవరు, ఎవరితో, ఎవరి ద్వారా మాట్లాడుతున్నరని అడగకుండా ఉపమాలంకారం వెతికితే ఇది దొరకదు.

నా తప్పు కూడా చెప్పాలె. కారంచేడు (1985), చుండూరు (1991) తర్వాత దళిత కవిత వచనంలో పోటెత్తింది. 1995లో ‘చిక్కనవుతున్న పాట’ చదివినంక, ఛందస్సు వాళ్లది, మనకెందుకనుకున్న. జాషువాను పద్యకవని పక్కన పెట్టిన. (మన మీటింగులల్ల కవి కులం అడిగినంత తొందరగా కవిత చదవం.) తర్వాత ఆ ఉత్పలమాలే నన్ను నిలదీసింది. మనకు చదువు లేకుండ చేసినోళ్ల పద్యంలోకే, వాళ్లు వంక పెట్టలేని యతిప్రాసలతో జొరబడి, వాళ్ల దేవుని ముందే నిలదీసిండాయన. గుళ్లెకు గబ్బిలం పోయినట్టే. గణాలు లెక్కపెట్టించడం సారు తప్పు కాదు. అక్కడ ఆపడం తప్పు.

ఇప్పుడు పిల్లలతో ముందు పైకి చదివిస్త. దూత సంగతి అడుగుత. ఆ తర్వాతే గణాలు. తేటగీతి పాదానికి ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు. డప్పు దరువు విన్న చెవికి అది కష్టం గాదు. మొన్నొక పిల్ల అడిగింది: “వేమన ఆటవెలదిని గూడ ఇట్లనే అడగొచ్చా సార్?”

“ముందు ఎవరితో అంటున్నడో చూడు” అన్న. పుస్తకం తీసింది.