ఈత నేర్పడం కూడా బాకీయే

తండ్రి కొడుక్కి ఏమేం చెయ్యాలో యూదుల ధర్మగ్రంథం తాల్ముద్ వరసగా చెబుతుంది. పవిత్రగ్రంథమైన తోరా చదివించాలి. బతుకుతెరువుకు ఒక పని నేర్పాలి. పెళ్లి చెయ్యాలి. ఇంతవరకూ మన ఇళ్లలో పెద్దవాళ్లు చెప్పేదే. ఆ వరసకు కొందరు పండితులు ఇంకొకటి కలిపారు: ఈత నేర్పాలి. ఏదో ఒకనాడు బిడ్డ ప్రాణం దానిమీదే ఆధారపడవచ్చు గనక. సుమారు 1500 ఏళ్ల కిందటి గ్రంథం ఈతను తండ్రి తీర్చాల్సిన బాకీల్లో చేర్చడం చదివి చాలాసేపు అక్కడే ఆగిపోయాను.

మా నాన్నకి ఈ గ్రంథం సంగతి తెలియదు. తెనాలి దగ్గర మా ఊరి కాలువలో, నా నడుముకు ఎండు సొరకాయ బుర్ర కట్టి, పొట్ట కింద చెయ్యి ఆనించి ఈత నేర్పాడు. ఒక దసరా సెలవుల్లో ఆ బుర్ర విప్పేశాడు. నాలుగు బారలు వేశాక చూసుకుంటే పొట్ట కింద చెయ్యి కూడా లేదు. నాన్న మాత్రం నాకు అందేంత దూరంలోనే, మెడలోతు నీళ్లలో నిలబడి ఉన్నాడు. నీళ్లు మింగాను, ఏడ్చాను. గట్టుకు మాత్రం నేనే చేరాను.

అలాంటి తండ్రికి పుట్టిన నేను, న్యూజెర్సీలో నా పదకొండేళ్ల కొడుకు విషయంలో ఆ చెయ్యి తియ్యలేకపోయాను. లంచ్ బాక్స్ మర్చిపోతే ఆఫీసు నుంచి పరిగెత్తేదాన్ని. వయొలిన్ మర్చిపోతే మళ్లీ పరిగెత్తేదాన్ని. సైన్స్ ప్రాజెక్టు అట్టమీద రాత్రి పదకొండింటికి బొమ్మలు అతికించింది నేనే. వాడి మతిమరుపు తగ్గనే లేదు. గుర్తుపెట్టుకునే పనంతా నేను తీసుకున్నాక వాడికి గుర్తుండాల్సిన అవసరమేముంది?

మేముండే ఎడిసన్ పక్కనే హైలాండ్ పార్క్. శుక్రవారం సూర్యాస్తమయంతో మొదలయ్యే విశ్రాంతి దినం సబ్బాతును నియమంగా పాటించే యూదు కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. నాతో పనిచేసే ఒకావిడ ఆ మధ్య మమ్మల్ని శుక్రవారం రాత్రి భోజనానికి పిలిచింది. సూర్యాస్తమయానికి 18 నిమిషాల ముందే కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఆ తర్వాత ఇక డబ్బు ముట్టరు. అందుకని వెలిగించే లోపే పిల్లలు కిటికీ దగ్గరున్న రేకుడబ్బాలో తలా ఒక నాణెం వేస్తున్నారు. ఆరేళ్ల చిన్నవాడు జేబులు తడుముకుంటుంటే నా పర్సులోంచి ఒక క్వార్టర్ నాణెం తీసి ఇవ్వబోయాను. పుచ్చుకోలేదు. మేడమీదకు పరిగెత్తి, తన డబ్బులు దాచుకునే సీసాలోంచి ఒకటి తెచ్చి వేశాడు. ‘వాడిది వాడే వెయ్యాలి’ అంది తల్లి.

ఆ డబ్బాను సెదకా డబ్బా అంటారు. సెదకా అంటే దానమనే చెప్పుకుంటాం గానీ, ఆ హీబ్రూ మాటకు మూలం న్యాయం. లేనివాడికి ఇచ్చేది మన దయాగుణం కిందికి రాదు, చెల్లించి తీరాల్సిన దాని కిందికి వస్తుంది. 12వ శతాబ్దపు మహాపండితుడు మైమోనిడీస్ ఈ ఇవ్వడంలో ఎనిమిది మెట్లు చెప్పాడు. అన్నిటికన్నా పైమెట్టు, మనిషికి పనో, అప్పో, వ్యాపారంలో భాగమో ఇచ్చి, మళ్లీ ఒకరి ముందు చెయ్యి చాచే అవసరం లేకుండా నిలబెట్టడం. ఈత నేర్పే తండ్రి చేసేదీ అదే.

భోజనానికి ముందు తండ్రి పిల్లల్ని ఒక్కొక్కరినే దగ్గరకు పిలిచి, తలమీద రెండు చేతులూ పెట్టి దీవించాడు. మగపిల్లలు తమ పూర్వపురుషులు ఎఫ్రాయిము, మనష్షేల్లా కావాలని, ఆడపిల్ల ఆదిమాతలు శారా, రిబ్కా, రాహేలు, లేయాల్లా కావాలని. ప్రతి శుక్రవారమూ ఇంతేనట. పెద్దవాడికి వచ్చే ఏడు 13 నిండుతాయి, బార్ మిత్స్వా చేస్తారు. ఆడపిల్లలకైతే 12కే. అప్పటినుంచి ధర్మం తప్పినా నిలుపుకున్నా జవాబుదారీ ఆ పిల్లలదే. ఆ సందర్భంలో తండ్రి ఒక చిన్న స్తుతి చదువుతాడు. వీడి తప్పొప్పుల భారం నా మీదనుంచి దింపావని దేవుడికి చెప్పుకోవడం దాని సారం.

మొదట వినగానే మనసు చివుక్కుమంది. కన్నతండ్రి చేతులు దులుపుకోవడం ఏమిటనిపించింది. కానీ ఇవి పదమూడేళ్లు వారం వారం బిడ్డ తలమీద ఆనిన చేతులు. అంతకాలం పట్టుకున్నాడు గనకే వదలగలిగాడు. పట్టుకోకుండా వదిలేస్తే పిల్లవాడు మునుగుతాడు. పట్టుకుని వదలకపోతే వాడికి ఈత రాదు. లాస్ ఏంజెలెస్‌లో మానసిక నిపుణురాలు వెండీ మోగెల్ ఈ యూదు బోధనల మీద ఆధారపడి 2001లో పిల్లల పెంపకం గురించి ఒక పుస్తకం రాసింది. మోకాలు దోక్కుపోవడం కూడా వరమేనన్నది దాని పేరుకు అర్థం.

ఆ తర్వాతి మంగళవారం బడినుంచి ఫోను. ‘అమ్మా, వయొలిన్ మర్చిపోయా.’ కారు తాళాలు అప్పటికే నా చేతిలోకి వచ్చేశాయి. మళ్లీ బల్లమీద పెట్టాను.

‘నేను రావడం లేదు నాన్నా. టీచర్‌కి నువ్వే చెప్పు.’

అవతల కాసేపు మాట లేదు. ‘సరే’ అని పెట్టేశాడు. ఆ మధ్యాహ్నం నాకు అన్నం సహించలేదు. సాయంత్రం ఇంటికొచ్చాక వాడు నాతో మాట్లాడలేదు. నేనూ కదిలించలేదు గానీ, వాడికిష్టమైన ముద్దపప్పు వండి పక్కనే కూర్చున్నాను. తిన్నాడు. పడుకునేముందు తల నిమిరితే తోసెయ్యలేదు.

దీపాలు ఆర్పుతూ ముందుగదిలోకి వచ్చాను. వీధి తలుపు పక్కన, వాడి బూట్లకు ఆనించి, వయొలిన్ పెట్టె నిలబెట్టి ఉంది.