అంతర్జాతీయ సంస్థల పాఠ్యాంశం – మూల్యాంకనం: అలరాజు రాయబారం వెలుగులో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
అంతర్జాతీయ సంస్థల పాఠ్యాంశంలో పరీక్ష విద్యార్థి జ్ఞాపకశక్తిని కొలవాలా, వివాదాన్ని తూచే వివేకాన్ని కొలవాలా అన్నది ఈ వ్యాసంలోని చర్చనీయాంశం. పల్నాటి వీరచరిత్రలోని అలరాజు రాయబార ఘట్టాన్ని ప్రశ్నగా ఇస్తే మూల్యాంకనం ఎలా మారుతుందో ఇందులో పరిశీలించడం జరిగింది.

కీలక పదాలు: మూల్యాంకనం, ఐక్యరాజ్యసమితి, రాయబారం, పల్నాటి వీరచరిత్ర, తెలుగు మాధ్యమం.

1. ప్రవేశిక:
‘భద్రతామండలి నిర్మాణాన్ని, అధికారాలను వివరించండి’ వంటిది ఈ పాఠ్యాంశంలో చిరపరిచితమైన వ్యాసరూప ప్రశ్న. 15 సభ్యదేశాలు, అందులో 5 శాశ్వత సభ్యదేశాలు, వీటో అని రాస్తే సమాధానం పూర్తయినట్లే. తొమ్మిది ఓట్లు వచ్చిన తీర్మానం కూడా ఒక్క శాశ్వత సభ్యదేశం కాదంటే ఎందుకు వీగిపోతుంది, అది న్యాయమేనా అని ఆలోచించిన విద్యార్థికి ఆ ప్రశ్నలో చోటు లేదు.

2. అలరాజు రాయబారం:
శ్రీనాథుని పేర ప్రసిద్ధమైన పల్నాటి వీరచరిత్రలో కోడిపోరులో ఓడిన మాచర్ల పక్షం ఒప్పందం ప్రకారం ఏడేళ్లు వలస వెళ్లింది. గడువు తీరాక తమ రాజ్యభాగం కోరుతూ అలరాజును గురజాలకు రాయబారిగా పంపింది. అతడు నలగామరాజుకు స్వయానా అల్లుడు. అయినా విషప్రయోగానికి బలయ్యాడు. ఆ తరువాతిది కారెంపూడి యుద్ధం.

ఒప్పందభంగం, రాయబారి హత్య, యుద్ధం అనే మూడు అంశాలూ ఈ కథలో వరుసగా ఉన్నాయి. ఐక్యరాజ్యసమితి శాసనపత్రం 33వ అధికరణం సంప్రదింపులు, విచారణ, మధ్యవర్తిత్వం, న్యాయస్థాన పరిష్కారం మొదలైన మార్గాలను చెబుతుంది. గురజాల, మాచర్లల మధ్య వీటిలో ఏది సాధ్యం, ఏది అసాధ్యం అని అడిగితే నరసరావుపేట, మాచర్ల ప్రాంతాల విద్యార్థి తనకు తెలిసిన కథ మీద తెలియని సూత్రాన్ని పరీక్షించి చూడగలడు.

3. మూల్యాంకన ప్రమాణాలు:
ఇక్కడ సరైన జవాబు ఒక్కటే ఉండదు గనుక మార్కులు దిద్దేవారి ఇష్టాన్ని బట్టి మారతాయన్న ఆక్షేపణ సహజం. ప్రమాణాలను ముందే ప్రకటిస్తే ఆ దోషం చాలావరకు తగ్గుతుంది. కథాంశాల కచ్చితత్వం, తగిన అధికరణం ఎంపిక, ఎదుటి పక్షం వాదన, పోలిక పరిమితి అనే నాలుగింటికీ విడివిడిగా మార్కులు కేటాయించవచ్చు.

ఉదాహరణకు, రాయబారి రక్షణకు 1961 నాటి వియన్నా ఒడంబడికను పేర్కొన్న సమాధానం మంచిది. అలరాజు స్థిరంగా నివసించే రాయబారి కాడు, ఒక్క పనిమీద వెళ్లినవాడు గనుక ప్రత్యేక దౌత్యబృందాలకు సంబంధించిన 1969 నాటి ఒడంబడిక మరింత దగ్గరిదని గుర్తించిన సమాధానం ఇంకా మంచిది. ఇది దాయాదుల పోరు, ఆ రెండు పక్షాలకూ పైన ఒక సంస్థ లేదు, అందువల్ల నేటి సూత్రాలు యథాతథంగా వర్తించవు అని కూడా చెప్పగలిగినదే ఉత్తమ సమాధానం. కంఠస్థం చేసినవారినీ అవగాహన ఉన్నవారినీ ఈ తేడా విడదీస్తుంది.

ఐక్యరాజ్యసమితి నమూనా సమావేశాలు కూడా ఇటువంటి ప్రయత్నమే. అయితే అవి ఆంగ్ల ప్రసంగం మీద ఆధారపడినప్పుడు తెలుగు మాధ్యమ విద్యార్థి విషయం తెలిసీ వెనుకబడతాడు. అంతర్గత మూల్యాంకనంలో అతని చేత తెలుగులో రాయబారి నివేదిక రాయిస్తే ఆ అడ్డంకి తొలగుతుంది.

4. ముగింపు:
పల్నాటి కథ ఐక్యరాజ్యసమితి పాఠానికి ప్రత్యామ్నాయం కాదు. మూడో పక్షం లేని చోట ఒప్పందం ఎంత బలహీనమో అది చూపుతుంది. అంతర్జాతీయ సంస్థ ఎందుకు అవసరమో, అది ఎక్కడ విఫలమవుతుందో విద్యార్థి స్వయంగా తేల్చుకొనేలా చేసినప్పుడే ఈ పాఠ్యాంశంలో మూల్యాంకనం సార్థకమవుతుంది.